తక్కువ ఖర్చులో గిటార్ పెడల్ బోర్డు, దాన్ని మోసే పెట్టె: ఇంట్లోనే ఎలా చేయాలి

గిటార్ స్వరాన్ని మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టెలే పెడల్స్. వాటిని వరసగా నిలబెట్టే చెక్కే పెడల్ బోర్డు. నా మొదటి పెడల్ బోర్డుకి నేను ముందు చెక్క కోశాను. ఐదు పెడల్స్‌ని పక్కపక్కన పేర్చి, టేపుతో కొలిచి, సరిగ్గా అంత ముక్కే కోసుకున్నాను. రంగు కూడా వేశాక కేబుల్స్ పెట్టబోతే ఐదో పెడల్‌కి చోటు లేదు. కేబుల్ చివర ఉండే జాక్‌లు కూడా చోటు తింటాయన్న సంగతి నాకు తట్టనే లేదు. అడాప్టర్ ఎక్కడ కూర్చోవాలో అసలు ఆలోచించలేదు. అందుకే ఇక్కడ రంపం చాలా ఆలస్యంగా వస్తుంది. ముందు కరెంటు, తర్వాత కేబుల్స్, ఆ తర్వాత అట్టముక్క, చివరికి చెక్క. డబ్బు పెట్టాల్సిన వరస కూడా ఇదే. ప్లైవుడ్ నాసిరకంది అయినా పాట చెడదు. అడాప్టర్ నాసిరకందైతే ప్రతి పాటలోనూ గుయ్‌మని వినిపిస్తుంది.

కరెంటు లెక్క

ప్రతి పెడల్‌నీ తిరగేసి అడుగున ఉన్న స్టిక్కర్ చదవండి. మూడు విషయాలు కాగితం మీద రాసుకోవాలి: ఎన్ని వోల్టులు, ఎన్ని మిల్లీ ఆంప్స్, ప్లగ్ మధ్యలో ప్లస్సా మైనస్సా. మామూలు చిన్న పెడల్స్‌లో ఎక్కువ భాగం 9 వోల్టుల డీసీతో, మధ్యలో మైనస్ ఉండే 2.1 మి.మీ. ప్లగ్‌తో నడుస్తాయి. కానీ "ఎక్కువ భాగం" అన్నాను, "అన్నీ" అనలేదు. 9 వోల్టుల పెడల్‌కి 18 వోల్టులు ఇచ్చినా, ప్లస్ మైనస్ తారుమారు చేసినా పెడల్ కాలిపోవచ్చు.

వోల్టులు కచ్చితంగా కలవాలి. మిల్లీ ఆంప్స్ మాత్రం అడాప్టర్‌లో ఎక్కువ ఉన్నా పర్వాలేదు, పెడల్ తనకి కావలసినంతే తీసుకుంటుంది. ఉదాహరణకి ట్యూనర్ (శ్రుతి చూపేది) 30, ఓవర్‌డ్రైవ్ (స్వరాన్ని గరుకు చేసేది) 10, కోరస్ (స్వరాన్ని చిక్కగా చేసేది) 20, డిజిటల్ డిలే (స్వరాన్ని కాస్త ఆగి మళ్ళీ వినిపించేది) 70, రివర్బ్ (హాల్లోలా మార్మోగించేది) 100 అనుకోండి. మొత్తం 230. మరీ అంచున నడపకుండా కొంత వెసులుబాటు ఉంచుకుని 350, ఆపైన ఇచ్చే అడాప్టర్ చూసుకోండి.

అన్నిటికన్నా చవకైన దారి డైసీ చెయిన్. ఒకే అడాప్టర్ నుంచి వరసగా ఐదారు ప్లగ్‌లు వేలాడే వైరు అది. మూడు నాలుగు అనలాగ్ పెడల్స్‌కి అది చక్కగా సరిపోతుంది. గొడవ డిజిటల్ పెడల్స్‌తో వస్తుంది. వాటి లోపలి క్లాక్ చప్పుడు అదే వైరు మీదుగా పక్క పెడల్స్‌లోకి పాకి, డిస్టార్షన్ నొక్కగానే సన్నగా కీచుమంటుంది. పైగా పెడల్స్ మధ్య గ్రౌండ్ (మామూలుగా మైనస్ వైపు) ఇప్పటికే ప్యాచ్ కేబుల్ తొడుగు ద్వారా కలిసి ఉంటుంది. ప్యాచ్ కేబుల్ అంటే ఒక పెడల్ నుంచి ఇంకో పెడల్‌కి వెళ్ళే పొట్టి కేబుల్. అడాప్టర్ వైరు దాన్ని ఇంకోసారి కలుపుతుంది. అలా ఏర్పడే గ్రౌండ్ లూప్ వల్ల హమ్, అంటే గుయ్‌మనే చప్పుడు, మొదలవుతుంది. ప్రతి పెడల్‌కీ విడిగా, దేనికి దానికి సంబంధం లేకుండా కరెంటు ఇచ్చే ఐసొలేటెడ్ పవర్ సప్లై దీనికి సరైన మందు. ఖరీదెక్కువే. నా సలహా ఏమిటంటే, డైసీ చెయిన్‌తో మొదలుపెట్టి డిజిటల్ పెడల్ ఒక్కదానికి మాత్రం విడిగా ఇంకో అడాప్టర్ ఇవ్వండి. చాలామందికి అంతటితో సమస్య తీరిపోతుంది.

పాత తరహా జర్మేనియం ఫజ్ పెడల్ (స్వరాన్ని బాగా గరుకు చేసేది) ఏదైనా మీ దగ్గర ఉంటే జాగ్రత్త. వాటిలో కొన్ని పాజిటివ్ గ్రౌండ్‌తో, అంటే ప్లస్ వైపు గ్రౌండ్‌గా, పనిచేస్తాయి. వాటిని మిగతా వాటితో ఒకే డైసీ చెయిన్‌కి తగిలిస్తే నేరుగా షార్ట్ అవుతుంది. దాన్ని బ్యాటరీ మీద నడుపుకోండి.

ఇంకొక్క మాట. ఇంటి కరెంటుకి సంబంధించిన సాకెట్లు, స్విచ్చులు బోర్డు లోపల సొంతంగా బిగించే ఆలోచన ఉంటే మానుకోండి. రెడీమేడ్ అడాప్టర్, రెడీమేడ్ ఎక్స్‌టెన్షన్ బాక్స్ చాలు. అడాప్టర్ బోర్డు అడుగున ఉన్నా, పైకి, పెడల్స్ దగ్గరికి, 9 వోల్టుల వైరు మాత్రమే ఎక్కేలా చూసుకుంటే షాక్ టెన్షన్ ఉండదు.

ఏ పెడల్ ఎక్కడ

అందరూ వాడే వరస ఇది: గిటార్ నుంచి ట్యూనర్, వా (కాలితో ఊపేది), కంప్రెసర్ (చప్పుడు హెచ్చుతగ్గుల్ని సమం చేసేది), ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, తర్వాత కోరస్, ఫేజర్ లాంటివి, చివర డిలే, రివర్బ్. ఇది చట్టమేమీ కాదు. ఫేజర్‌ని డిస్టార్షన్ ముందు పెట్టి చూడండి, పూర్తిగా వేరే రుచి వస్తుంది. రివర్బ్‌ని మాత్రం డిస్టార్షన్ ముందు పెడితే స్వరాలన్నీ కలిసి ముద్దయిపోతాయి. ఫజ్ ఉంటే దాన్ని గిటార్‌కి వీలైనంత దగ్గరగా పెట్టాలి. దాని ముందు బఫర్ (సిగ్నల్‌కి బలమిచ్చి ముందుకి పంపే సర్క్యూట్) ఉన్న పెడల్ వస్తే చాలా ఫజ్‌ల గొంతు మారిపోతుంది.

చాలా పెడల్స్‌లో ఇన్‌పుట్ కుడివైపు, అవుట్‌పుట్ ఎడమవైపు ఉంటాయి. కాబట్టి సిగ్నల్ బోర్డు మీద కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. మొదటి పెడల్ కుడి చివర ముందు వరసలో మొదలవుతుంది. ఆ వరస అయ్యాక వెనక వరసకి ఎక్కుతుంది. అయితే పాట మధ్యలో మాటిమాటికీ నొక్కేవి ముందు వరసలోనే ఉండాలి. ఒకసారి నొక్కి వదిలేసే కంప్రెసర్, రివర్బ్ లాంటివి వెనక్కి పోయినా ఇబ్బంది లేదు. దీనికోసం ఒకటి రెండు ప్యాచ్ కేబుల్స్ పొడుగ్గా కావాల్సి వస్తే కానివ్వండి. చీకట్లో, పాడుతూ, కిందకి చూడకుండా నొక్కాల్సింది మీ కాలే కదా.

ప్యాచ్ కేబుల్స్ ఎల్ ఆకారంలో మడిచిన జాక్‌లున్నవే తీసుకోండి. పల్చటి పాన్‌కేక్ జాక్‌లైతే ఇంకా తక్కువ చోటు పడుతుంది. నిటారు జాక్‌లు ఒక్కో పక్క ఐదారు సెంటీమీటర్లు మింగేస్తాయి. కరెంటు ప్లగ్‌లు కూడా ఎల్ ఆకారంవే మంచివి. బాస్ (Boss) అనే కంపెనీ పెడల్స్‌లో కరెంటు సాకెట్ వెనక అంచున ఉంటుంది. నిటారు ప్లగ్ పెడితే అది వెనక వరసని పొడుస్తుంది.

అట్టముక్క మీద వారం రోజులు

ఒక పెద్ద అట్టపెట్టె విప్పి నేల మీద పరవండి. దాని మీద పెడల్స్ అన్నీ పెట్టి, కేబుల్స్ అన్నీ గుచ్చి, కరెంటు కూడా ఇచ్చి వాయించండి. ఒక రోజు కాదు, ఓ వారం. రోజూ వేసుకునే బూట్లతోనే నొక్కి చూడండి. రెండు పెడల్స్ ఒకేసారి నొక్కుడు పడుతున్నాయా? వెనక వరస నొక్కబోతే ముందున్న నాబ్‌లు తిరిగిపోతున్నాయా? జరపండి, మళ్ళీ వాయించండి. ఇక కదపక్కర్లేదు అనిపించాక పెన్నుతో ప్రతి పెడల్ చుట్టూ గీత గీయండి, జాక్‌లతో సహా. మీ బోర్డు కొలత ఆ అట్ట మీదే ఉంటుంది.

అంచనా కోసం కొన్ని సంఖ్యలు. బాస్ కాంపాక్ట్ పెడల్ సుమారు 7.3 సెం.మీ. వెడల్పు, 12.9 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. ఎత్తు. ఎంఎక్స్‌ఆర్ చిన్న పెడల్స్ సుమారు 6 x 11. క్రై బేబీ లాంటి వా పెడల్ 10 x 25, అంటే రెండు వరసల్నీ ఆక్రమిస్తుంది. ఎల్ జాక్‌లతో రెండు పెడల్స్ మధ్య 3 సెం.మీ. వదలాలి. ఐదు బాస్ పెడల్స్ ఒక వరసలో పెడితే పెడల్స్‌కి కాస్త పెంచి ఏడున్నర చొప్పున 37.5, మధ్య నాలుగు సందులకి 12, రెండు చివర్లకి 6. మొత్తం 55.5. కాబట్టి 60 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. లోతు ఉన్న బోర్డు మీద రెండు వరసలు హాయిగా పడతాయి. ఇకపై కొలతలన్నీ ఈ 60 x 30 లెక్కలోనే చెబుతాను. మీ అట్టకి తగ్గట్టు మార్చుకోండి.

ఆగండి, ఇంట్లో అటక మీద గట్టి పాత సూట్‌కేస్ ఏదైనా ఉందా? ఉంటే ముందు దాని లోపలి కొలత తీయండి. బోర్డుని ఆ సూట్‌కేస్‌లో పట్టేలా చేసుకుంటే పెట్టె చేసే పని మొత్తం తప్పుతుంది. అంతకంటే పొదుపు ఇంకోటి లేదు.

బోర్డు

కావలసినవి: 12 మి.మీ. ప్లైవుడ్, పక్కలకి 18 మి.మీ. ప్లైవుడ్ ముక్క లేదా గట్టి చెక్క, చెక్క జిగురు, 30 మి.మీ. స్క్రూలు, ఉప్పు కాగితం, అడుగున రబ్బరు కాళ్ళు. రంపం, డ్రిల్లు, మూలమట్టం ఎవరినైనా అడిగి తెచ్చుకున్నా సరే.

ఒకే పలకకి బదులు నాలుగు బద్దలు వాడండి. ఒక్కోటి 60 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. వెడల్పు. మధ్య రెండేసి సెంటీమీటర్ల సందులు మూడు. నాలుగారులు ఇరవై నాలుగు, మూడు రెళ్ళు ఆరు, మొత్తం 30. ఆ సందుల్లోంచి కేబుల్స్ కిందకి దిగిపోతాయి, పైన చిక్కు కనపడదు. రెండు బద్దలు, మధ్య సందు కలిపి 14 సెం.మీ. అవుతాయి కాబట్టి బాస్ పెడల్ సరిగ్గా వాటి మీద కూర్చుంటుంది.

పక్క చెక్కలు ముందువైపు 2 సెం.మీ., వెనకవైపు 6 సెం.మీ. ఎత్తు ఉండాలి. అప్పుడు బోర్డు ఏడెనిమిది డిగ్రీలు వాలుతుంది, వెనక వరస కాలికి అందుతుంది. ఇంతకంటే ఎక్కువ వాలిస్తే పాదం ఎత్తి నొక్కడం కష్టం. ఈ రెండు చెక్కల్నీ విడివిడిగా కొలిచి కోస్తే ఎంతో కొంత తేడా వచ్చి బోర్డు ఊగుతుంది. సులువు ఏమిటంటే, 30 x 8 ముక్క తీసుకుని, ఒక చివర కింది నుంచి 2 సెం.మీ. దగ్గర, రెండో చివర 6 సెం.మీ. దగ్గర గుర్తు పెట్టి, రెండూ కలుపుతూ ఒకే గీత గీయండి. ఆ గీత మీద ఒక్క కోత కోస్తే రెండు చెక్కలూ ఒకే ఆకారంలో వస్తాయి. ఇలాంటిదే ఇంకో ముక్క కోసి, అందులో ఒకటి బోర్డు మధ్యలో ఆసరాగా పెట్టండి. 60 సెంటీమీటర్ల పొడవున 12 మి.మీ. బద్ద కాలు పడితే వంగుతుంది, మధ్య ఆసరా లేకపోతే కుదరదు. దాన్ని బిగించక ముందే కేబుల్స్ పోవడానికి రెండు పెద్ద బెజ్జాలు పెట్టుకోండి. తర్వాత అక్కడికి డ్రిల్లు దూరదు.

బద్దల అంచుల్ని ముందు 120, తర్వాత 240 నంబరు ఉప్పు కాగితంతో రుద్దండి. స్క్రూ వేసే ప్రతిచోటా ముందు సన్న బెజ్జం పెట్టాలి. 3.5 మి.మీ. స్క్రూకి 2 నుంచి 2.5 మి.మీ. బెజ్జం చాలు. అది లేకుండా తిప్పితే ప్లైవుడ్ అంచు పొరలుగా విచ్చుకుంటుంది. స్క్రూ తల పైకి రాకుండా లోపలికి దిగేలా బెజ్జం నోరు కాస్త వెడల్పు చేయండి. జిగురు రాసి, ముందు రెండు చివరి బద్దల్ని బిగించి, మూలమట్టం పెట్టి చూసి, తర్వాత మధ్యవి బిగించండి.

అడాప్టర్ లేదా పవర్ సప్లైని వెనక భాగంలో, అడుగున, జిప్ టైలతో బద్దలకి కట్టేయండి. వెనక అంచు దగ్గర ఎత్తు 6 సెం.మీ., మధ్యకి వచ్చేసరికి 4. మీ అడాప్టర్ ఆ ఎత్తులో పడుతుందో లేదో అట్టముక్క దశలోనే చూసుకోవాలి. పడకపోతే పక్క చెక్కల్ని 3, 7 చేసుకోండి.

రంగు మీ ఇష్టం. వెల్క్రో మాత్రం తడి ఆరిన రంగు మీద కాదు, పూర్తిగా గట్టిపడిన రంగు మీద అంటించాలి. తొందరపడి మర్నాడే అంటించినప్పుడు పెడల్ తీయబోతే రంగు పొరతో సహా ఊడొచ్చింది నాకు. వారం ఆగడం మేలు.

పెడల్స్ నిలబెట్టడం

వెల్క్రోలో మెత్తటి వైపు బోర్డుకి, గరుకు వైపు పెడల్‌కి అంటిస్తారు. అందరూ అలాగే చేస్తారు కాబట్టి మీరూ అలాగే చేయండి, పెడల్ అమ్మినా అరువిచ్చినా అవతలి బోర్డు మీద కూడా కూర్చుంటుంది. పెడల్ అడుగున స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, అంటించి, గట్టిగా నొక్కి ఒక రోజు వదిలేయండి. సీరియల్ నంబరు స్టిక్కర్ మీద అంటించకండి. రబ్బరు అడుగు తీయాల్సి వస్తే పారేయకుండా పేరు రాసి కవర్లో దాచండి. బోర్డు వైపు వెల్క్రో చివర్లకి స్టేప్లర్ గన్‌తో పిన్ను కొడితే ఇక లేవదు.

వెల్క్రో నచ్చనివాళ్ళు పాత సైకిల్ చైన్ వాడతారు. చైన్ లింకులు విడదీసి, ఒక బెజ్జాన్ని పెడల్ అడుగు స్క్రూతో, రెండో బెజ్జాన్ని బోర్డుకి బిగిస్తారు. ఖర్చు దాదాపు సున్నా, పట్టు వెల్క్రో కంటే గట్టి. కాకపోతే పెడల్ మార్చాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. వా పెడల్ లాంటి బరువైనవాటికి, కాలితో ఊపేవాటికి నేను ఇదే వాడతాను.

ఒక్కొక్కటిగా కలపండి

అన్నీ ఒకేసారి కలిపి ఆన్ చేయకండి. ముందు గిటార్ నేరుగా యాంప్‌కి పెట్టి ఎంత చప్పుడు ఉందో వినండి. తర్వాత ఒక పెడల్, వినండి. రెండోది, వినండి. హమ్ ఎక్కడ మొదలైందో అప్పుడే తెలుస్తుంది. ఆ పెడల్‌కి అడాప్టర్ తీసి బ్యాటరీ పెట్టి చూడండి. హమ్ పోతే తప్పు కరెంటుది. పోకపోతే ప్యాచ్ కేబుల్ మార్చండి, దొంగ చాలాసార్లు అక్కడే దొరుకుతాడు. మరో సంగతి: గిటార్ కేబుల్ మీటరుకి సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ మోస్తుంది. పెడల్స్ అన్నీ ట్రూ బైపాస్ (ఆఫ్‌లో ఉన్నప్పుడు సిగ్నల్‌ని నేరుగా దాటించేవి) అయి, కేబుల్స్ పొడుగైతే పై స్వరాల మెరుపు తగ్గుతుంది. బఫర్ ఉన్న ట్యూనర్ ఒక్కటి మొదట్లో, ఫజ్ ఉంటే దాని తర్వాత, ఉంటే సరిపోతుంది. బాస్ చిన్న పెడల్స్‌లో బఫర్ ఎలాగూ ఉంటుంది.

పెట్టె

బోర్డు పూర్తయి, పెడల్స్ ఎక్కాక మాత్రమే పెట్టె కొలత తీయండి. వెనకవైపు ఎత్తు లెక్క ఇలా: అడుగు ఫోమ్ 1, రబ్బరు కాళ్ళు 1, పక్క చెక్క 6, బద్ద 1.2, పెడల్ 6. మొత్తం 15.2. పైన ఫోమ్‌కి, కాస్త సందుకి 1.8 సెం.మీ. కలిపితే లోపలి ఎత్తు 17. నాలుగు పక్కలా 1 సెం.మీ. ఫోమ్, మొత్తం మీద అర సెంటీమీటరు సందు వస్తాయి కాబట్టి లోపలి పొడవు 62.5, వెడల్పు 32.5. బోర్డు అంచు దాటి బయటికొచ్చే ప్లగ్ ఉంటే అదీ కలుపుకోండి.

నాలుగు పక్కలకి 9 మి.మీ. ప్లైవుడ్: 64.3 x 17 ముక్కలు రెండు, 32.5 x 17 ముక్కలు రెండు. పైకీ కిందకీ 6 మి.మీ. ప్లైవుడ్: 64.3 x 34.3 ముక్కలు రెండు.

పెట్టె విడిగా, మూత విడిగా చేయాలని చూస్తే రెండూ ఎప్పటికీ కలవవు. వడ్రంగులు చేసే పద్ధతి వేరు. ఆరు వైపులా మూసేసి ఒకే డబ్బా చేయండి, ఆ తర్వాత దాన్ని చుట్టూ కోసి రెండు చేయండి. కోసిన అంచులు రెండూ ఒకే చెక్కవి కాబట్టి వెంట్రుక తేడా లేకుండా కూర్చుంటాయి. అడుగు నుంచి 7 సెం.మీ. ఎత్తులో చుట్టూ గీత ముందే గీసుకోండి, ఆ గీత దగ్గర స్క్రూ గానీ మేకు గానీ వేయొద్దు. జిగురు రాసి పక్కలు బిగించాక, ఆరక ముందే రెండు ఐమూలలూ కొలవండి. బయటి కొలత రెండూ 72.9 దగ్గర సమానంగా రావాలి. ఒకటి ఎక్కువైతే ఆ మూలల్ని పట్టి నొక్కితే సర్దుకుంటుంది. తర్వాత పైకప్పు, అడుగు అంటించి సన్న మేకులు కొట్టండి. ఒక రోజు ఆరనివ్వండి.

కోసేటప్పుడు ముందు పొడుగు పక్కలు రెండూ కోసి, ఆ సందులో రంపం మందం ఉన్న అట్టముక్కలు దూర్చి టేపు వేయండి. లేకపోతే చివరి పక్క కోసేసరికి డబ్బా కుంగి రంపాన్ని పట్టేస్తుంది.

అడుగు భాగం 7 సెంటీమీటర్లే ఉండడానికి కారణం ఉంది. మూత తీయగానే పెడల్స్ బయటికి తేలి కనిపిస్తాయి, బోర్డుని చేతులు దూర్చి ఎత్తడం తేలిక. మూతకి విడదీయడానికి వీలైన మడత బందులు దొరికితే అవే వేయండి. మామూలు బందులైతే ఇంత లోతు మూత తెరవగానే పెట్టెని వెనక్కి లాగుతుంది.

ఇక బరువు. ఈ కొలతల ప్లైవుడ్ పెట్టె ఒక్కటే మూడున్నర కిలోలు దాటుతుంది. బోర్డు ఒకటిన్నర, బాస్ పెడల్ ఒక్కోటి సుమారు 400 గ్రాములు, వా, పవర్ సప్లై కలుపుకుంటే తొమ్మిది, పది కిలోలు తేలుతుంది. అంత బరువుని 9 మి.మీ. ప్లైవుడ్‌లో దిగిన చెక్క స్క్రూలు ఎక్కువ రోజులు మోయవు. పిడిని బోల్టులతో బిగించి, లోపలివైపు వెడల్పాటి వాషర్లు వేయండి. పిడి అడుగు భాగానికే ఉండాలి. మూతకి పెడితే బరువంతా మూతని పట్టి ఉంచే క్లాంపుల మీద పడుతుంది. 7 సెం.మీ. ఎత్తులో పిడి సరిగ్గా పట్టకపోతే కోత గీతని 8కి జరపండి. ముందు రెండు క్లాంపులు, ఎనిమిది మూలలకీ రేకు మూలలు వేస్తే పెట్టె దెబ్బలకి తట్టుకుంటుంది.

లోపల ఫోమ్‌కి వాడేసిన యోగా మ్యాట్ బాగా పనికొస్తుంది. మూత ఫోమ్ నాబ్‌లని నొక్కకూడదు, నొక్కితే దారిలో సెట్టింగులన్నీ తిరిగిపోతాయి. నాబ్‌లు వచ్చేచోట ఫోమ్‌ని కత్తిరించి గుంట చేయండి. వా పెడల్ మీద మాత్రం మెత్తగా ఆనేలా ఉంచితే అది ఊగదు. ఎందుకైనా మంచిది, సెట్టింగులు ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

బ్యాటరీ పెడల్స్ ఉంటే మూత వేసే ముందు ఇన్‌పుట్ జాక్ లాగేయండి. జాక్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ఎండలో నిలిపిన కారులో పెట్టె వదలకండి, వెల్క్రో జిగురు మెత్తబడి పెడల్స్ జారిపోతాయి.

మూత వేసి, క్లాంపులు బిగించి, పెట్టెని మంచం మీద నిలువుగా, అడ్డంగా, తలకిందులుగా తిప్పి మెల్లగా ఊపండి. లోపల ఏదైనా టకటకమంటే తెరిచి, అది తగిలే చోట ఇంకో ఫోమ్ ముక్క అంటించండి. చప్పుడు పూర్తిగా ఆగేదాకా పెట్టెని మంచం దించొద్దు.